మూత పెట్టండి, మేడ తలుపు తీయండి

ఈ నెల కరెంటు బిల్లు చూశారా? చూసే ఉంటారు లెండి. ఈమధ్య నలుగురు కలిసినచోట పెళ్ళి సంబంధాల కంటే ముందు బిల్లుల ప్రస్తావనే వస్తోంది. మొన్న మా వీధిలో పేరంటానికి వెళితే, తాంబూలం చేతికి అందేలోపు గ్యాసు బండ ధర, ఏసీ ఖర్చు, సర్దుబాటు చార్జీలు అన్నీ మాట్లాడుకోవడం అయిపోయింది. ఆఖర్న ఒక పెద్దావిడ, "ఇవన్నీ మానేసి మా అమ్మ కాలానికి పోతే సరి. రోలూ, పొయ్యీ, కుండా పెట్టుకుంటే బిల్లూ ఉండదు, బెంగా ఉండదు" అన్నారు. పక్కనే ఆవిడ కోడలు కూర్చుని ఉంది. పొద్దున్నే ఎనిమిదింటికి ఆఫీసు బస్సు ఎక్కాల్సిన పిల్ల. ఆ రోలు దగ్గర కూర్చునేదెవరు, ఆ పొయ్యి ఊదేదెవరు అని ఆ అమ్మాయి పైకి అడగలేదు గానీ, నాకు మాత్రం ఆ ప్రశ్న వినబడింది.

అందుకే ఇవాళ మీతో తీరిగ్గా ఈ సంగతే మాట్లాడదామని కూర్చున్నాను. పాత పద్ధతులంటే నాకు ఎంతో ఇష్టం. మా ఇంట్లో చాలావాటిని వదలకుండా పట్టుకునే ఉన్నాం. కానీ పాతదల్లా పొదుపు కాదు. ఏది తిరిగి తెచ్చుకోవాలి, ఏది ఆ కాలంతోనే పోనివ్వాలి అనేదానికి ఒక చిన్న లెక్క ఉంది. ఆ లెక్క వేసుకోకుండా వెనక్కి నడిస్తే డబ్బు మిగలదు, ఇంటి ఆడవాళ్ళ నడుములు మాత్రం పోతాయి.

వెయ్యి వాట్ల వస్తువు గంటసేపు నడిస్తే ఒక యూనిట్ అని మీకు తెలుసు కదా. ఇంట్లో ఉన్న వస్తువులన్నిటినీ ఆ కొలతతో చూడండి. తిప్పేవీ వెలిగించేవీ ఒక జట్టు. వేడి చేసేవీ చల్లబరిచేవీ ఇంకో జట్టు. ఇడ్లీపిండి రుబ్బే గ్రైండరు మోటారు 150 వాట్లనుకోండి. అరగంట తిరిగితే యూనిట్‌లో పదో వంతు కూడా కాదు. ఆంధ్రప్రదేశ్‌లో 2022 ఏప్రిల్‌లో వచ్చిన రేట్లలో అన్నిటికంటే పెద్దది, 400 యూనిట్లు దాటాక పడే 9.75 రూపాయలు వేసుకున్నా ఆ పిండికి ముప్పావలా లోపే. అదే స్నానానికి ఒక బకెట్టు నీళ్ళు, ఇరవై లీటర్లు, పాతిక డిగ్రీల నుంచి నలభై అయిదుకి తేవాలంటే దాదాపు అర యూనిట్ కావాలి. ఒక్క బకెట్టు వేడినీళ్ళ కరెంటుతో ఆరుసార్లు పిండి రుబ్బుకోవచ్చన్నమాట. 9 వాట్ల ఎల్‌ఈడీ బల్బు ఒక యూనిట్‌తో వంద గంటల పైన వెలుగుతుంది. పాతకాలపు సీలింగు ఫ్యాను పదమూడు గంటలు తిరుగుతుంది, కొత్త బీఎల్‌డీసీ ఫ్యానైతే ముప్పై గంటలు. టన్నున్నర ఏసీకి ఆ యూనిట్ గంట సేపు సరిపోవడమే కష్టం.

కాబట్టి రుబ్బురోలు దగ్గర గంటసేపు పొత్రం తిప్పితే మిగిలేది ముప్పావలా. నలభై దాటిన ఏ ఆడమనిషి భుజాన్నీ ఆ ముప్పావలా కోసం అరగదీయకూడదు. గోంగూర పచ్చడో, కొబ్బరి పచ్చడో రోట్లో నూరితే ఆ రుచి వేరు, ఒప్పుకుంటాను. మేమూ నూరతాం. అది నాలుక కోసం చేసే పని, బిల్లు కోసం కాదు. తిరగలి, రోకలి, బట్టలుతికే బండ, వీటన్నిటికీ ఇదే మాట. వీటి పనంతా మోటారు చవగ్గా చేసిపెడుతుంది. లాంతరు సంగతి చెప్పనే అక్కర్లేదు, కిరసనాయిలు దీపం ముందు కూర్చుని చదువుకున్నవాళ్ళెవరూ దాన్ని మళ్ళీ కోరుకోరు. పాత పద్ధతులు మనకి నిజంగా అక్కరకొచ్చేది రెండో జట్టు దగ్గరే. వేడి చెయ్యడం, చల్లబరచడం. అక్కడ మాత్రం మన పెద్దవాళ్ళకి తెలిసిన విద్య ఇప్పటికీ గెలుస్తుంది.

ముందు వంటింట్లోకి రండి. గ్యాసు బండలో 14.2 కిలోల గ్యాసు. దానిలో ఉన్న వేడిని కరెంటు లెక్కలోకి మారిస్తే దాదాపు 180 యూనిట్లు. ఐఎస్‌ఐ ప్రమాణం ప్రకారం మంచి గ్యాసు పొయ్యి ఇందులో కనీసం 68 శాతం గిన్నెకి అందించాలి. మిగతా మూడో వంతు వంటింటి గాలికి పోతుంది. ఇది పొయ్యి బాగున్నప్పటి మాట. బర్నరు చిల్లులు పూడుకుపోయి మంట పసుపుపచ్చగా వస్తుంటే, గిన్నె అడుగు మసిబారుతుంటే, ఇంకా ఎక్కువే పోతోందని అర్థం. నీలం మంట వస్తోందో లేదో ఒకసారి వంగి చూడండి, ఈ కబుర్లు ఎక్కడికీ పోవు.

చూశారా? ఇప్పుడు మూత సంగతి. మూతలేని గిన్నెలోంచి ఒక గ్లాసు నీరు ఆవిరై పోయిందంటే, ఆ ఆవిరి పట్టుకుపోయిన వేడితో దాదాపు లీటరున్నర చన్నీళ్ళని మరిగే దాకా తేవచ్చు. నీటిని వేడెక్కించడానికి పట్టే వేడి కొంచెం, ఆవిరి చెయ్యడానికి పట్టేది బోలెడు. మన నానమ్మలకి ఈ అంకెలు తెలియవు, కానీ మూకుడు లేకుండా అన్నం గిన్నె పొయ్యెక్కిస్తే ఊరుకునేవాళ్ళు కాదు. ఇంకో మాట కూడా ఉంది. నీళ్ళు ఒకసారి మరగడం మొదలయ్యాక సలసలా కాగినా, కుతకుతా ఉడికినా వాటి వేడి నూరు డిగ్రీలే. పెద్ద మంట పెడితే బియ్యం తొందరగా ఉడకదు, నీళ్ళు తొందరగా ఇగురుతాయి అంతే. ప్రెషర్ కుక్కరులో మాత్రం ఆవిరిని బంధిస్తాం కాబట్టి వేడి నూట ఇరవై దాకా పోతుంది, పప్పు తొందరగా మెత్తబడుతుంది. దానిలోనూ మొదటి కూత వచ్చాక మంట తగ్గించెయ్యాలి. బియ్యం అరగంట, కందిపప్పు ఇంకాస్త ఎక్కువసేపు నానబెట్టుకుంటే ఆ మేరకు పొయ్యి పని తగ్గుతుంది. కేంద్ర ప్రభుత్వం 1978లో పెట్టిన పెట్రోలియం పొదుపు సంస్థ, అదే పీసీఆర్‌ఏ, అప్పటి నుంచీ చెబుతున్నది ఇవే: నానబెట్టు, మూత పెట్టు, మరిగాక తగ్గించు, అన్నీ సిద్ధంగా పెట్టుకుని ఆపైన పొయ్యి వెలిగించు.

ఇక నాకు అన్నిటికంటే ఇష్టమైనది గడ్డిపెట్టె వంట. ఇది మీకు ఎవరైనా చెప్పారో లేదో! అన్నమో పప్పో గిన్నెలో కాసేపు బాగా మరిగించి, మూత తీయకుండా, మంట ఆపేసి, గిన్నెని ఎండుగడ్డి కూరిన పెట్టెలో పెట్టి పైన ఇంకో గడ్డి దిండు అదిమేస్తే చాలు. లోపలి వేడి బయటికి పోదు, ఆ వేడికే మిగతా వంట అయిపోతుంది. రెండు ప్రపంచ యుద్ధాల్లోనూ బొగ్గు కరువైనప్పుడు బ్రిటన్‌లో ఇళ్ళల్లో ఇలాగే వండుకున్నారు. దక్షిణాఫ్రికాలో కరెంటు కోతలు ముదిరిన 2008లో సారా కాలిన్స్ అనే ఆవిడ ఇదే పనిని దూదిసంచీలాంటి దానితో చేసి వండర్‌బ్యాగ్ అని పేరుపెట్టి అమ్మడం మొదలుపెట్టారు. మనదేశంలోనూ దీనికి దూరపు చుట్టం ఒకటుంది. బెంగాల్‌లో డాక్టర్ ఇందుమాధవ్ మల్లిక్ 1910లో ఇక్‌మిక్ కుక్కర్ చేశారు. ఒక పెద్ద డబ్బా, లోపల క్యారియర్ గిన్నెలు ఒకదానిమీద ఒకటి, అడుగున కాసిని బొగ్గులు. పొద్దున్న సర్దిపెట్టి ఆఫీసుకి పోతే, తిరిగొచ్చేసరికి అన్నం, పప్పు, కూర అన్నీ ఆవిరికే ఉడికి వేడిగా ఉండేవి.

మేం గడ్డికి బదులు అట్టపెట్టెలో పాత ఉన్ని దుప్పట్లు, బొంతలు వాడతాం. నానిన బియ్యానికి ఎసరు పెట్టి ఐదారు నిమిషాలు తెర్లాక పెట్టెలోకి ఎక్కిస్తే ముప్పావు గంటలో పొడిపొడి అన్నం. పెసరపప్పు, కందిపప్పు పది పదిహేను నిమిషాలు ఉడకనిచ్చి పెడితే గంటన్నరకి పలుకు లేకుండా ఉంటుంది. గిన్నె నిండుగా ఉండాలి, కొద్దిగా వండితే వేడి నిలవదు. పెట్టెలో పెట్టి మరచిపోయి రాత్రికి తీయకూడదు, గోరువెచ్చగా మిగిలిన అన్నంలో పురుగూ పుట్రా కంటే ప్రమాదమైన సూక్ష్మజీవులు పెరుగుతాయి. వేడి పొగలు వస్తుండగానే తీసి తినెయ్యాలి. రాజ్మాగింజలు మాత్రం ఈ పద్ధతికి పనికిరావు. వాటిలో సహజంగా ఉండే విషం విరగాలంటే కనీసం పది నిమిషాలు గట్టిగా మరగాలి, తక్కువ వేడిలో నిదానంగా ఉడికితే కడుపునొప్పి తప్పదు. వాటికి కుక్కరే మేలు.

గోదావరి జిల్లాల వాళ్ళకి దాలి గుర్తుండాలి. పెరట్లో గుంట తీసి, పిడకలు రాజేసి, మీద నివురు కప్పి పాలకుండ పెట్టేసేవారు. పొద్దున్న పెట్టిన పాలు మధ్యాహ్నానికి ఎర్రగా కాగి, మీద అట్టులా మీగడ కట్టేది. ఆ పాలతో తోడు పెట్టిన పెరుగు తిన్నవాళ్ళకి ఇంకే పెరుగూ ఆనదు. పొయ్యి పక్కన పొంత కూడా ఉండేది. అన్నం వండే మంట సెగే పక్కనున్న కుండలో స్నానానికి నీళ్ళు కాచిపెట్టేది. ఒక్క కట్టె కాలితే రెండు పనులు. మా తెలుగిళ్ళ పొదుపుకి ఇంతకంటే నిదర్శనం నేను చూపలేను.

అంత అభిమానంగా చెప్పాను గనకే తర్వాతి మాట గట్టిగా చెప్పాలి. కట్టెల పొయ్యిని వంటింట్లోకి మళ్ళీ తేవద్దు. బండ ఖరీదెంత పెరిగినా తేవద్దు. కోనసీమలో మా అమ్మమ్మ కొబ్బరి మట్టలు, కొబ్బరి డొక్కలు పెట్టి జీవితమంతా వండింది. ఊదుగొట్టం పట్టుకుని వంగిన ఆ నడుము, ఎప్పుడూ నీళ్ళు కారే ఆ కళ్ళు, రాత్రిళ్ళు ఆగని ఆ దగ్గు, ఇవన్నీ ఆ చవక వంటకి ఆవిడ కట్టిన బిల్లు. ఇళ్ళల్లో ఇలాంటి పొగవల్ల 2020లో ఒక్క ఏడాదిలోనే ప్రపంచంలో 32 లక్షలమంది చనిపోయారని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా వేసింది. ఆ పొగ పీల్చేది ఎక్కువగా ఆడవాళ్ళూ, వాళ్ళ కొంగు పట్టుకుని తిరిగే పసిపిల్లలూ.

ఈ బాధ తెలిసినవాళ్ళు మనలోనే ఉన్నారు. హైదరాబాదు ఇంజనీరింగ్ రీసెర్చ్ లేబొరేటరీస్‌లో డాక్టర్ ఎస్.పి. రాజు పొగగొట్టం ఉన్న మట్టిపొయ్యి రూపొందించి, కోట్లాది ఇళ్ళకి పొగలేని వంటిల్లు కావాలని 1953లో పుస్తకమే రాశారు. 1983లో కేంద్ర ప్రభుత్వం మెరుగైన పొయ్యిల కార్యక్రమం పెట్టింది. 1999లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో దీపం పథకం కింద పేద ఆడవాళ్ళకి గ్యాసు కనెక్షన్లిచ్చారు, దేశమంతటా ఉజ్జ్వల వచ్చింది 2016లో. పొయ్యి దగ్గర్నుంచి ఆడదాన్ని లేపడానికి ఇంతమంది ఇన్నేళ్ళు పట్టుబట్టారు. బండ ధర భయపెట్టి ఆమెని మళ్ళీ అక్కడే కూర్చోబెడితే అది ఏ ఇంటికీ పొదుపు కాదు. పెరట్లో, ఆరుబయట, స్నానాల నీళ్ళకి ఎండుమట్టలు వెలిగించుకుంటే సరే. చలికాలం మూసిన గదిలో బొగ్గుల కుంపటి మాత్రం ఎవ్వరూ పెట్టుకోవద్దు. రంగూ వాసనా లేని కార్బన్ మోనాక్సైడు నిద్రలోనే ప్రాణం తీస్తుంది.

సరే, వేడి సంగతి చాలు, చల్లని కబురు చెప్పుకుందాం. కుండ!

కుండలో నీళ్ళు ఎందుకు చల్లబడతాయో చిన్నప్పుడు బళ్ళో చదివే ఉంటారు. మట్టిలో కంటికి కనబడని సందుల్లోంచి నీరు బయటికి చెమర్చి, గాలికి ఆరుతుంది. ఆరేటప్పుడు కావలసిన వేడిని కుండలోంచే లాక్కుంటుంది. వంద గ్రాముల నీరు అలా ఆరితే, అది పట్టుకుపోయే వేడి ఆరు లీటర్ల నీటిని దాదాపు పది డిగ్రీలు దించేంత. చుట్టూ ఉన్న ఎండవేడి కొంత తిరిగి లోపలికి వస్తుంది కాబట్టి అంతా మనకి దక్కదు. అయినా మీటరు తిరగకుండా దొరికే చల్లదనం కదా.

అయితే కుండ గొప్పతనం ఊరినిబట్టి ఉంటుంది. అనంతపురంలో, కర్నూల్లో, పల్నాడులో రెంటచింతల వైపు, తెలంగాణలో రామగుండం, నిజామాబాదు వైపు వేసవిగాలి పొడిగా ఉంటుంది. అక్కడ కుండ చెమట చకచకా ఆరుతుంది, నీళ్ళు జిల్లుమంటాయి. తెలంగాణ ఇళ్ళల్లో వరండాలో రంజన్ అనే పెద్ద కుండ పెట్టుకోవడం అందుకే. విశాఖలో, కాకినాడలో సముద్రం మీంచి వచ్చే గాలే తడిగా ఉంటుంది. మన ఒంటి చెమటే ఆరని చోట కుండ చెమట ఎలా ఆరుతుంది? అందుకని విశాఖలో ఉన్న మీ అమ్మాయి కుండ కొని "చల్లగా లేవమ్మా" అంటే తప్పు కుండది కాదు. కూలర్లకీ, వట్టివేళ్ళ తడికెలకీ ఇదే సూత్రం. వడగాలి కొట్టే ఊళ్ళో ఇవి అమృతం, ఉక్కపోత ఊళ్ళో వీటివల్ల గదిలో తేమ పెరిగి ఇంకాస్త ఉక్కపోస్తుంది.

కుండ కొన్నాక సబ్బుపెట్టి తోమకండి, సబ్బు ఆ సందుల్లో చేరి నీళ్ళకి వాసన పడుతుంది. చేత్తోనో కొబ్బరిపీచుతోనో రుద్ది కడిగితే చాలు. మొదట ఒకటి రెండు రోజులు నీళ్ళు పోసి పారబోయండి. గాలి ఆడేచోట, తడి ఇసుక మీద కూర్చోబెట్టండి. మూలకి నెట్టేసిన కుండ చల్లబడదు. నీళ్ళలోని ఉప్పులు పేరుకుని ఏడాదికల్లా ఆ సందులు పూడుకుపోతాయి, అందుకే మనవాళ్ళు ఏటా వేసవి ముందు కొత్త కుండ తెచ్చేవారు. కుమ్మరికి ఏటా ఆ బేరం ఉండేది. ఇదే సూత్రాన్ని ఉత్తర నైజీరియాలో కుమ్మరుల ఇంట పుట్టిన మహమ్మద్ బా అబ్బా అనే ఉపాధ్యాయుడు కూరగాయలకి వాడారు. కుండలో కుండ పెట్టి, మధ్య సందులో తడి ఇసుక పోసి, పైన తడిగుడ్డ కప్పారు. మూణ్ణాళ్ళలో వాడిపోయే కూరలు వారాల తరబడి నిలిచాయి. ఆయనకి 2000లో రోలెక్స్ పురస్కారం వచ్చింది. గుజరాత్‌లో వాంకానేర్‌కి చెందిన మన్సుఖ్‌భాయ్ ప్రజాపతి మట్టితోనే ఫ్రిజ్ చేసి మిట్టీకూల్ అని అమ్ముతున్నారు. రాయలసీమ కుమ్మరులకి ఈ కుండలో కుండ చెయ్యడం ఒక పూట పని. మన సంతల్లో అవి ఎందుకు దొరకవో అని ప్రతి వేసవీ బాధపడతాను.

ఇల్లు చల్లగా ఉంచుకోవడం కూడా మనకి తెలిసిన పనే. ఎండ ఎక్కకముందే పడమటి కిటికీలు మూసెయ్యడం, పొద్దు వాలాక అన్నీ బార్లా తెరవడం, గుమ్మానికి తడి గోనెపట్టా కట్టడం, డాబా మీద సాయంత్రం నీళ్ళు చల్లడం. గోదావరి జిల్లాల మండువా ఇళ్ళల్లో నడిమధ్య ఆకాశం కనిపించే చోటు ఉండేది, వేడిగాలి పైకి పోయి గదుల్లోకి చల్లగాలి జరిగేది. ఇప్పుడు కట్టే డాబాలు పగలంతా ఎండని తాగి రాత్రంతా మన మీదికి వదులుతాయి. వాటికి తెల్లసున్నం ఒక్కటే మందు. మార్చిలో డాబా మీద రెండు పూతలు వేసుకుంటే కింద గది కొన్ని డిగ్రీలు దిగుతుంది. ఇది చాదస్తం కాదండీ, తెలంగాణ ప్రభుత్వం 2023లో చల్లని పైకప్పుల విధానమే ప్రకటించింది, దేశంలో అలా చేసిన మొదటి రాష్ట్రం అదే. ఏసీ ఉన్నవాళ్ళని మానేయమనను. వృద్ధులూ పసిపిల్లలూ ఉన్న ఇంట్లో మేనెల మధ్యాహ్నం అది ప్రాణాన్ని కాపాడుతుంది. కాకపోతే సున్నం పూసిన డాబా కింద, ఫ్యాను తిరుగుతుండగా, ఇరవై ఆరు దగ్గర పెట్టుకోండి. ఒక్కో డిగ్రీ పెంచితే ఆరు శాతం దాకా కరెంటు మిగులుతుందని కేంద్ర ఇంధన సామర్థ్య సంస్థ చెబుతుంది.

ఇక్కడ బిల్లు లెక్క ఒకటి గుర్తుపెట్టుకోవాలి. మన శ్లాబుల్లో ఆఖరి యూనిట్లే ఖరీదైనవి. ఆంధ్రలో నేను చెప్పిన ఆ రేట్లలోనే మొదటి 30 యూనిట్లు 1.90 చొప్పున, 400 దాటాక 9.75 చొప్పున. తెలంగాణలో 2024లో వచ్చిన గృహజ్యోతి కింద అర్హులైన ఇళ్ళకి 200 యూనిట్ల వరకు ఉచితం, ఆ గీత దాటితే ఆ నెలకి బిల్లంతా కట్టాలి. అలాంటప్పుడు చలికాలం గీజరు బదులు ఎండలో కాగిన నీళ్ళు వాడుకున్నా, వేసవిలో రోజుకో గంట ఏసీ తగ్గినా నెలాఖరుకి ఆ గీతకి ఇవతలే ఉండిపోవచ్చు.

ఎండలో నీళ్ళంటే గుర్తొచ్చింది. బాలింతరాలు ఉన్న ఇంట్లో పెద్ద ఇత్తడి గంగాళంలో నీళ్ళు పోసి వాకిట్లో ఎండకి పెట్టేవారు, పసిబిడ్డకి లాల పోయడానికి. ఇంత ఎండ కాసే దేశంలో సూర్యుడికిచ్చిన పని మాత్రం తక్కువే. రథసప్తమినాడు ఎండ పడేచోట పిడకలమీద పాలు పొంగించి పరమాన్నం చేసి ఆయనకే నైవేద్యం పెడతాం. మర్నాటి నుంచి మరచిపోతాం. తిరుమలలో 2002లో కొండమీద పెద్ద పెద్ద అద్దాల పళ్ళేలు నిలబెట్టి, ఎండతో ఆవిరి పుట్టించి, పదిహేను వేలమందికి అన్నం వండే ఏర్పాటు చేశారు. ఇంట్లో అంత అక్కర్లేదు. నల్లరంగు వేసిన గిన్నె, పైన గాజుపలక, పక్కన అద్దం ఉన్న సోలారు పెట్టె చాలు. పదింటికి పప్పూబియ్యం పెడితే ఒంటిగంటకి దింపుకోవచ్చు. అడుగంటదు, కాపలా అక్కర్లేదు.

ఫ్రిజ్ గురించి రెండు మాటలే. అది తీసెయ్యమనను, మందులు, పాలు ఉంటాయి. దాన్ని చిన్నది చేసుకోవచ్చు. ఏటికి సరిపడా మాగాయ, ఆవకాయ, చింతకాయ, ఊరమిరపకాయలు, గుమ్మడి వడియాలు, వంకాయ ఒరుగులు, ఇవి ఎండా ఉప్పూ కాపాడే తిండి. రాత్రి మిగిలిన అన్నాన్ని వేడి తగ్గగానే నీళ్ళూ, కాస్త మజ్జిగా పోసి మట్టిపాత్రలో ఉంచితే పొద్దున్నకి చద్దన్నం. ఉల్లిపాయ, పచ్చిమిరపకాయ నంజుకుంటే పొయ్యి వెలిగించని ఫలహారం అదే. గంజి పులియబెట్టుకునే తరవాణి కుండ ఉన్న ఇళ్ళు ఇప్పుడు కోస్తాలో ఎన్ని మిగిలాయో గానీ, మీ ఊళ్ళో పెద్దవాళ్ళెవరికైనా తెలిస్తే దాన్ని ఎలా కడతారో దగ్గరుండి నేర్చుకోండి. రాసిపెట్టుకుంటే వచ్చే పని కాదది, చేతికి తెలియాలి.

ఇదంతా ఎవరు చెయ్యాలి? నేను మొదట్నుంచీ ఈ ప్రశ్న దగ్గరకే వస్తున్నాను. పాతకాలం పొదుపులో సగం తెలివి, సగం ఆడవాళ్ళ చాకిరీ. ఆ తెలివిని మాత్రమే తీసుకోవాలి. మా ఇంట్లో కుండ కడిగి నింపడం మా వారి పని. డాబాకి సున్నం మా అబ్బాయి వేస్తాడు. పొద్దున్నే పప్పు నానబోయడం ఎవరు ముందు లేస్తే వాళ్ళది. ఎవరూ మెచ్చుకోవాల్సిన పనిలేదు, బిల్లు అందరిదీ గనక పనీ అందరిదే. పెద్దవాళ్ళు కోడలికి "మా రోజుల్లో" అని చెప్పే బదులు కొడుక్కి చెప్పి చూడండి.

ఇక మీతో ఒక పని ఉంది. అపార్టుమెంట్లో ఉంటున్నవాళ్ళు వినండి. చాలాచోట్ల మేడ తలుపుకి తాళం. బాల్కనీలో బట్టలారేస్తే అందం పోతుందని నోటీసు. అమెరికాలో మనవాళ్ళు ఉండే కాలనీల్లోనూ ఇదే గొడవ. పెరట్లో దండెం కట్టనివ్వని సంఘాలు బోలెడున్నాయి, డ్రయ్యరు వేస్తే ఒక విడత బట్టలకి రెండు మూడు యూనిట్లు పోతాయి. అక్కడ కొన్ని రాష్ట్రాలు బట్టలు ఎండలో ఆరేసుకునే హక్కుకి చట్టాలే చేశాయి. మనకి చట్టం అక్కర్లేదు, తాళంచెవి ఇస్తే చాలు. మీ సంఘం మీటింగులో ఈసారి లేచి అడగండి. ప్రతి అంతస్తుకీ ఒక తాళంచెవి, డాబా చుట్టూ గట్టి పిట్టగోడ, దండేలకి నాలుగు ఇనప స్తంభాలు, ట్యాంకుల పక్కన వడియాలకీ సోలారు పెట్టెలకీ ఒక ఎత్తరుగు, కోతులు రాకుండా ఒక వల, మొత్తం డాబాకి ఏటా రెండు పూతల సున్నం. అందరూ పంచుకుంటే ఒక్కో ఇంటికి పడే ఖర్చు ఎంతో కూడా కాగితం మీద వేసుకెళ్ళండి, లెక్క చూపిస్తే అడ్డు చెప్పేవాళ్ళు తగ్గుతారు. సంక్రాంతి వెళ్ళగానే ఎండ ముదురుతుంది, బూడిద గుమ్మడికాయలు అప్పటికింకా బజార్లో ఉంటాయి. కాబట్టి ఆ మీటింగేదో ఆలోపే పెట్టించండి.